చూసినవారు: ఒకరు

జూన్ 4, మంగళవారం

ఇవాళ కూడా తలుపు తీయలేదు.

కంచం మాత్రం బయటికి వచ్చింది, సగం తిని. గ్లాసు కడిగి మరీ పెట్టింది. ఆ గదికి బాత్రూం కట్టించడమే మనం చేసిన పొరపాటు అంటారు ఆయన. లేకపోతే ఆకలికి రాకపోయినా దానికైనా బయటికి వచ్చేదని ఆయన లెక్క. వడ్రంగం చేసే మనిషి కదా, ఏదైనా కొలతల్లోనే ఆలోచిస్తారు.

మా అమ్మాయికి గువ్వ అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆయనే. పసిపిల్లగా ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా పాలకోసం నోరు తెరుచుకుని ఉండేది. ఇప్పుడు కాలేజీలో రెండో ఏడు. సెలవులకు ముందు ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. అంతే సంగతులు. కాళ్ళకున్నవి నా నీలం చెప్పులు, అవీ లోపలే ఉండిపోయాయి. తెగిపోయిన పాతవాటితో షాపుకి వెళుతున్నాను.

పరీక్ష పోయిందా అని అడిగాను. ఎవరినైనా ఇష్టపడ్డావా అని అడిగాను. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను. గువ్వని అడిగానని రాయడమెందుకు, తలుపుని అడిగాను. ఫోను చేస్తే ఎత్తదు, మెసేజీ పెడితే చూడదు. కాలేజీకి వెళ్ళి కనుక్కుంటే, "బాగానే ఉండేదండీ, మాకేం తెలీదు" అన్నారు ఆఫీసువాళ్ళు, తల కూడా ఎత్తకుండా.

నాకున్న ఆధారం ఒక్కటే. మొన్న శనివారం సాయంత్రం వంటగదిలో కూర్చుని ఫోనులో ఒక వీడియో చూస్తున్నాను. లిఫ్టెక్కిన కుక్క దిగనంటుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికి చూసి, నచ్చక, మళ్ళీ కూర్చుంటుంది. "అద్దె ఇల్లు వెతుక్కుంటున్నట్టుంది వెధవ" అని నాలో నేను గొణుక్కుంటూ ఉండగా గోడ అవతల చిన్న నవ్వు. దగ్గేమో అనుకున్నాను. కాదు. నా కూతురి నవ్వు నాకు తెలియదా? అదీ ఫోనులో ఏదో చూసుకుంటోందన్నమాట. అంటే నవ్వు ఇంకా మిగిలే ఉంది. ఎలా అందుకోవాలో మనకి చేతకావాలి.

జూన్ 6, గురువారం

బ్లాగు పెట్టాను. నేను! మెసేజీలో ఫొటో పంపాలంటే ముగ్గురిని అడిగే మనిషిని.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు సరిచేసే అమ్మాయి ఉంది. చిన్నదే కానీ చేతివేళ్ళు, బుర్ర రెండూ చురుకు. విషయం చెబితే, "మెసేజీలు చూడట్లేదు కదా అక్కా, బ్లాగు పెట్టండి. మీరు పెట్టింది తను ఎప్పుడైనా చూసుకోవచ్చు. చూసినట్టు మీకు చెప్పక్కర్లేదు కూడా" అంది. ఆ చివరి మాట నాకు నచ్చింది. బతిమాలించుకున్నట్టు ఉండకూడదు పిల్లకి.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ షాపు కంప్యూటర్లో అంతా తనే చేసిపెట్టింది. పేరేం పెట్టమంటారంటే "నవ్వితే నా పూచీ లేదు" అన్నాను. రోజుకొకటి ఇంటర్నెట్‌లో దొరికిన వింత, దాని కింద షాపులో జరిగిన ఏదో ఒక ముచ్చట. ఎంతమంది చూశారో, ఏ రకం ఫోనులో చూశారో చెప్పే పేజీ కూడా ఉంది. "మనం చూసుకున్నవి లెక్కలోకి రాకుండా పెట్టానక్కా" అంది ఆ కంప్యూటర్ని తడుతూ. బంగారు తల్లి.

మొదటి వింత లిఫ్టు కుక్కే. ఇంటికొచ్చి వంటగది బల్ల దగ్గర కూర్చుని ఫోనులో రాశాను. ఆయన టీ తాగుతూ, "నువ్వు రాస్తుంటే వీధివీధంతా వినపడుతుంది" అన్నారు. చిన్నప్పట్నుంచీ అంతే, నోరు కదలకపోతే నాకు చెయ్యి కదలదు. బళ్ళో పరీక్షల్లో కూడా నన్ను విడిగా కూర్చోబెట్టేవారు.

బ్లాగు చిరునామా కాగితం ముక్కమీద రాసి తలుపు కిందనుంచి తోశాను. కాసేపటికి చూస్తే కాగితం లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 7, శుక్రవారం

చూసినవారు: ఒకరు.

ఒకరు!

అదీ మా రకం ఫోనే. గువ్వదీ నాదీ ఒకే రోజు కొన్నాం, రెండూ కలిపి తీసుకుంటే తగ్గింపు అంటే. రంగు కూడా ఒకటే. నేను రాయడం అయ్యి, ఎలా కనిపిస్తోందో తెరిచి చూసుకున్న కాసేపటికే చూసింది. ఎదురుచూస్తూ కూర్చుందన్నమాట.

షాపులో ఫ్రేముల అమ్మాయికి చెబితే ఇద్దరం చేతులు పట్టుకుని గెంతినంత పని చేశాం. సారు లోపల కళ్ళు పరీక్ష చేస్తున్నారు కాబట్టి ఆగాం.

జూన్ 9, ఆదివారం

ఆయన ఉలి తెచ్చారు.

"ఆ గడియ నేను బిగించిందే. ద్వారబంధం పక్కన పెట్టి ఒక్కటి వేస్తే ఊడొస్తుంది" అన్నారు. కోపంతో అనలేదు. కోపంతో అంటే బావుండేది, నేనూ ఎదురు అరిచేదాన్ని. రోజూ నలుగురి ఇళ్ళకి తలుపులు బిగించి వచ్చి మన ఇంట్లో మూసిన తలుపు చూడలేకపోతున్నానన్నారు.

ఫోను తెరిచి చూపించాను. "ఇదిగో, చూసినవారు ఒకరు. మొన్న ఒకరు, నిన్న ఒకరు. మన ఫోనే, చూడండి. దానంతటది వస్తోందండీ. ఇప్పుడు తలుపు పగలగొడితే మళ్ళీ మొదటికొస్తుంది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ అంకెను చాలాసేపు చూశారు.

"ఇరవైమూడో తారీకు ఆదివారం దాకా చూస్తాను. ఆపైన నా మాట వినాలి నువ్వు."

"అప్పటికి అదే తీస్తుంది."

"తీయకపోతే?"

ఉలి తీసుకెళ్ళి బీరువా మీద పెట్టారు, నాకు కనపడేటట్టు.

జూన్ 11, మంగళవారం

ఇవాళ్టి వింత: "దయచేసి ఈ బెంచీ మీద ఏమీ పెట్టవద్దు" అన్న బోర్డు. ఆ బోర్డు పెట్టింది ఆ బెంచీ మీదే. మనిషి కూర్చోవడానికి చోటు లేనంత బోర్డు.

ఇవాళ్టి ముచ్చట: ఒక పెద్దాయన కళ్ళ పరీక్షకి వచ్చి, సారు అక్షరాల అట్ట పెట్టకముందే గడగడా చదివేశారు. క్రితంసారి వచ్చినప్పుడు కంఠతా పట్టారట. "మరి కనపడుతోందా?" అని సారు అడిగితే, "గుర్తుంటే సరిపోదా?" అన్నారు. నవ్వలేక చచ్చాను.

కంచంలో మూడొంతులు తింది. చూసినవారు ఒకరు. రెండూ కలిసే వస్తున్నాయి, గమనిస్తున్నాను.

జూన్ 13, గురువారం

ఒకరు కాదు, ఇవాళ చాలామంది. అక్షరాల అట్ట పెద్దాయన్ని ఎవరో ఎక్కడో పంచుకున్నారట, అక్కడినుంచి వచ్చిపడ్డారు. నేను పెట్టే వింతలన్నీ ఎప్పుడో పాతబడినవేనట. "అమ్మగారూ, ఈ కుక్క ఇప్పటికి ముసలిదైపోయి ఉంటుంది" అని ఒకరు రాశారు. "పాతవైనా మీరు చెబితే కొత్తగా ఉంది" అని ఇంకొకరు. అందరికీ జవాబులు రాశాను. చెయ్యి నొప్పి పుట్టింది, నోరు అంతకన్నా.

ఇది ఎవరూ చూడని పుస్తకం కాబట్టి సిగ్గు విడిచి రాస్తున్నాను. ఇవాళ సాయంత్రమంతా గువ్వ గుర్తు రాలేదు. కంచం పెట్టడం కూడా ఆలస్యమైంది. గుర్తు రాకపోతే ఎంత హాయిగా ఉందో. ఇలా బ్లాగు రాసుకుంటూ, ఆ గదిలో ఎవరూ లేరనుకుని బతికేయొచ్చు కదా అనిపించింది. ఏం మనిషిని నేను.

మన ఫోను మాత్రం మొదటి వరసలోనే ఉంది. ఎంతమంది వచ్చినా అదే ముందు.

జూన్ 14

కంచం తాకలేదు. ఎండకి ఆకలి చచ్చిందేమో.

జూన్ 15, శనివారం

ఖాళీ! కంచం పూర్తిగా ఖాళీ. తుడిచినట్టు. నిన్న తిననిది కూడా కలిపి ఇవాళ తింది.

వెన్న రాసే మిషను పెట్టాను ఇవాళ. ఒకాయన ఏడాదిపాటు కష్టపడి తయారు చేశాడట, రొట్టెముక్కకి వెన్న రాసి గోడకేసి కొడుతుంది. పెట్టిన చోట పెట్టినట్టు ప్రతిసారీ గోడకే. ఆయన మాత్రం "దాదాపు వచ్చేసింది" అంటూ ఉంటాడు. నాకు ఆ మనిషి బాగా నచ్చాడు. దాదాపు వచ్చేసింది.

జూన్ 17, సోమవారం

అమ్మో, పొట్ట చెక్కలయ్యింది.

ఒక పాఠకుడు పంపాడు, "అమ్మగారూ, ఒక్కసారైనా కొత్తది పెట్టండి, ఇప్పుడు అందరూ దీనికే నవ్వుతున్నారు" అని. స్టేజీ మీద మైకు ముందు ఎవరో నిలబడి "అందరికీ" అంటారు. అంతే, ఆగిపోతుంది. ఎక్కిళ్ళు. మళ్ళీ "అందరికీ", మళ్ళీ ఎక్కిళ్ళు. ఎవరో ఆకతాయి ఆ మనిషి తలకి మేకతల అంటించాడు, ఒక్కో ఎక్కిలికి ఒక్కో మేక అరుపు పెట్టాడు, గొంతు సాగదీసి వెనకాల డప్పు జోడించాడు. "అందరికీ మే. అందరికీ మే మే." వంటగదిలో పెద్దగా పెట్టుకుని మూడుసార్లు చూశాను. కళ్ళ నీళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. నా నవ్వుకి పొయ్యిమీది పాలు పొంగినా చూసుకోలేదు.

ఎన్నాళ్ళయింది ఇలా నవ్వి. తప్పు చేసినట్టనిపించింది కూడా. అయినా బ్లాగు పెట్టింది నవ్వడానికేగా?

కింద ఇలా రాశాను: "ఈ మేకమ్మకి ఎవరైనా గుక్కెడు మంచినీళ్ళు ఇవ్వండి బాబూ, లేకపోతే తెల్లారిపోతుంది." బావుంది. జనం విరగబడ్డారు.

చూసినవారిలో మన ఫోను మొదటిది.

జూన్ 18

కంచం నిండుగా తిరిగొచ్చింది. ఉప్పెక్కువైందా? నేను తిన్నాను, సరిగానే ఉంది.

జూన్ 19, బుధవారం

ఇవాళా నిండుగానే. నీళ్ళు మాత్రం తాగింది. తలుపు దగ్గర చెవి పెట్టి విన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కాస్త ఎంగిలి పడవే" అని బతిమాలాను. "ఏం కావాలో అది చేసిపెడతాను, నోరు తెరిచి చెప్పు" అన్నాను. విసుగొచ్చింది. రాస్తున్నాను, నిజంగా విసుగొచ్చింది. ఏం తక్కువ చేశామని? తినకపోతే మాను.

కానీ బ్లాగు చూస్తోంది. మన ఫోను ఉంది లెక్కలో. చూస్తోందంటే బావున్నట్టే కదా. బావున్నట్టే.

ఆదివారం ముంచుకొస్తోంది. బీరువా మీద ఉలి అలాగే ఉంది.

జూన్ 20, గురువారం

రాస్తాను, రాయకపోతే పిచ్చెక్కుతుంది.

ఆయన పనినుంచి వచ్చి అలా గోడకి చేరగిలబడి కూర్చుంటే, మనసు బాగుపడుతుందని మేక వీడియో చూపించాను. చప్పుడు తగ్గించి చూపించాను, ఆయనకి డప్పులు పడవు. ఆయన నవ్వలేదు. ఫోను తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

"ఈ బల్ల నేను చేసిందే" అన్నారు.

"ఏ బల్ల?"

"మైకు పెట్టిన బల్ల. ఎడమ మూల దించేటప్పుడు పగిలితే అతుకు వేశాను. రంగు కలవలేదు. ఇదిగో, అతుకు."

"ఎవరికి చేశారు?"

ఆయన నావైపు చూశారు. గువ్వ కాలేజీవాళ్ళకి చేశారు. పోయినేడు. ఆ పని ఇప్పించింది కూడా గువ్వే, "మా నాన్న చేస్తారండీ" అని ప్రిన్సిపాల్‌కి చెప్పి.

మళ్ళీ పెట్టి చూశాం. మేకతల కింద మెడ, మెడ కింద చేతులు. గడియారం పట్టీని అటూ ఇటూ తిప్పుతున్న చేతులు. చిన్నప్పుడు డాక్టరు దగ్గర సూది వేయించుకునేటప్పుడు కూడా అలాగే తిప్పేది, గడియారం లేకపోతే నా గాజు పట్టుకుని తిప్పేది. చివర్లో స్టేజీ దిగి పరిగెత్తుతుంది. నీలం చెప్పులు. నా నీలం చెప్పులు.

నా బిడ్డ అది. ఊరూ పేరూ తెలియని లక్షలమంది నా బిడ్డని చూసి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. మూడుసార్లు పెట్టుకుని నవ్వాను. మంచినీళ్ళిమ్మని జోకేశాను.

బ్లాగులోంచి తీసేశాను. తీసేస్తే మాత్రం? సోమవారం మన ఫోనే మొదట చూసింది. నిన్నా చూసింది. అమ్మ పెట్టిందని చూసి ఉంటుంది. ఏ మొహంతో చూసిందో. ఆ కంచాలు. ఉప్పెక్కువైందా అని రాశాను చూడు ఇక్కడ, ఇదే పుస్తకంలో, రెండు పేజీల వెనక. మూర్ఖురాలిని.

దేవుడా, ఆ ఒక్కరు గువ్వ కాకుండా చూడు. ఇన్నాళ్ళూ గువ్వ కావాలని కోరుకున్న ఆ ఒక్కరూ ఇంకెవరైనా కావాలి. ఎవరో దారినపోయే మనిషి కావాలి.

జూన్ 21, శుక్రవారం

షాపు తెరవకముందే వెళ్ళి మెట్లమీద కూర్చున్నాను. ఫ్రేముల అమ్మాయి రాగానే ఫోను చేతిలో పెట్టి, "ఈ ఫోను ఎవరిదో కచ్చితంగా చెప్పగలవా?" అని అడిగాను. అంతా చెప్పాను. చెబుతుంటే తను నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆ వీడియో తనూ చూసిందట. తనూ నవ్విందట.

చాలాసేపు ఏవేవో పేజీలు తెరిచింది. నా ఫోనులో బ్లాగు తెరిచి, మళ్ళీ లెక్క చూసింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ చూసింది.

"అక్కా, మీరు రాశాక ఎలా వచ్చిందో తెరిచి చూసుకుంటారా?"

"చూసుకోనా మరి? అక్షరాలు అటూ ఇటూ అవుతాయేమోనని."

"దేంట్లో?"

"నా ఫోనులోనే. కానీ మన చూపులు లెక్కలోకి రాకుండా పెట్టావు కదా?"

"షాపు కంప్యూటర్లో పెట్టానక్కా." గొంతు తగ్గించింది. "ఫోనుకి పెట్టలేదు. మీరు ఫోనులో రాస్తారని నాకు తెలీదు. ఆ ఒక్కరూ మీరే అక్కా. మొదటి రోజునుంచీ మీరే."

సారు కళ్ళు పరీక్షించే కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా అక్షరాల అట్ట ఉంది. ఒక్క అక్షరం కనపడలేదు.

గువ్వ చూడలేదు. ఆ దరిద్రం చూడలేదు. బతికిపోయాను. కానీ లిఫ్టు కుక్కనీ చూడలేదు. బెంచీ బోర్డునీ చూడలేదు. వెన్న మిషన్నీ చూడలేదు. ఒక్కసారి, ఒక్కరోజు కూడా నా దగ్గరికి రాలేదు. నేను రాసుకుని, నేనే చూసుకుని, నా బిడ్డ వచ్చిందని మురిసిపోయాను. ఆయనకి చూపించి గడువు తీసుకున్నాను.

వంటగది బల్లమీద తల ఆనించి ఏడ్చాను, కుక్కర్ కూతల్లో బయటికి వినపడకుండా. నేనొక్కదాన్నే. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే.

జూన్ 22

ఏమీ పెట్టలేదు బ్లాగులో. "అమ్మగారు ఏరీ?" అని అడుగుతున్నారు.

కంచం నిండుగా. నాలుగు ముద్దలు నేనే తిని మిగతాది పడేశాను. ఆయనకి లెక్క సంగతి చెప్పాను. నా తలమీద చెయ్యి వేసి తీశారు.

జూన్ 23, ఆదివారం

ఉలి, సుత్తి కింద గుడ్డ పరిచి పెట్టారు. చప్పుడు కాకూడదని తలుపు దగ్గర చాప కూడా వేశారు. ఉలి పట్టుకుని ద్వారబంధం పక్కన ఆనించి, అలాగే ఉండిపోయారు.

"ఒక్క మాట చెప్పనివ్వండి" అన్నాను. చాపమీద కూర్చున్నాను. మొహం తలుపుకి ఆనించాను.

"గువ్వా, ఆ వీడియో మేం చూశాం. నాన్న బల్ల గుర్తుపట్టారు."

లోపల ఫ్యాను చప్పుడు.

"నువ్వని తెలియక ముందు నేను నవ్వానే. బ్లాగులో కూడా పెట్టాను. తీసేశాను. నువ్వు చూడలేదులే, ఫ్రేముల అమ్మాయి లెక్క చూసి చెప్పింది. చూడకపోయినా చెప్పాలి కదా. నవ్వాను. నీకు ఎవరో ఏదో చేశారని ఊళ్ళో వాళ్ళనందర్నీ తిట్టుకున్నాను, నేనూ ఆ వరసలోనే ఉన్నాను."

ఆయన చేతిలో ఉలి కిందికి దిగింది. అప్పుడు లోపల్నుంచి గొంతు వచ్చింది. చాలారోజులు వాడని గొంతు, బొంగురుగా.

"చూళ్ళేదు."

నా ప్రాణం లేచి వచ్చింది.

"విన్నాను."

"ఏం విన్నావమ్మా?"

"అన్నీ. నువ్వు రాసేటప్పుడు పైకి చదువుతావు కదా. నా మంచం ఆ గోడ పక్కనే. ఫోను ఆ రోజే సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేశాను. నువ్వు రాసిందంతా వింటూనే ఉన్నాను. కుక్క, బెంచీ, అట్టాయన."

ఆయన గోడ పట్టుకుని కూర్చున్నారు. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ రెండూ తన్నుకొచ్చాయి. విన్నదట. అన్నీ విన్నదట. అంతలోనే మేక గుర్తొచ్చింది.

"సోమవారం కూడా?"

"నువ్వలా ఎప్పుడూ నవ్వలేదమ్మా" అంది. "కుక్కకి కూడా అంత నవ్వలేదు."

చచ్చిపోవాలనిపించింది. అతిశయం కాదు, అలాగే అనిపించింది. తలుపుమీద అరచేయి పెట్టాను. క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు.

ఆయన ఉలి, సుత్తి గుడ్డలో చుట్టారు. "తీసుకుపోతున్నానే గువ్వా. నీ గడియ జోలికి రాను. నీకు బుద్ధి పుట్టినప్పుడే తీయి" అన్నారు. బల్లకి అతుకు వేసినప్పుడు రంగు కలవలేదని ఏడాదిగా బాధపడుతున్న మనిషి.

ఆయన వెళ్ళాక లోపల్నుంచి మళ్ళీ అంది, ఇంకా నెమ్మదిగా.

"డైరీ కూడా పైకే చదువుతావు."

జూన్ 24, సోమవారం

నోరు మూసుకుని రాద్దామని కూర్చున్నాను. పళ్ళమధ్య చెంచా పెట్టుకున్నాను. రెండు లైన్లు రాసేసరికి చెంచా కింద పడింది, మాట పైకి వచ్చింది. పుట్టుకతో వచ్చిన జబ్బు, ఇప్పుడు పోతుందా?

పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఆ గదిలో ఎవరూ లేరనుకుని బతికేయొచ్చు అని రాశాను. పద్నాలుగో తారీకు కంచం ఎందుకు తాకలేదో ఇప్పుడు తెలిసింది. మరి పదిహేనో తారీకు ఎందుకు తింది? వెన్న మిషనాయన కోసమేనా? దాదాపు వచ్చేసింది అన్నందుకా? తినకపోతే మాను అన్నదీ వింది. ఆ ఒక్కరూ నేనే అని ఏడ్చిందీ వింది. నేను ఏడుస్తుంటే గోడ అవతల కూర్చుని వింది. ఏం చేస్తూ విందో.

వంటగదిలో కాకుండా ఆయన పనిసామాను గదిలో రాసుకోవచ్చు. పొద్దున అలాగే అనుకున్నాను. బల్ల కూడా సగం దూరం జరిపాను. మళ్ళీ గోడకి ఆనించి పెట్టేశాను.

సరే గువ్వా. వింటున్నావు కాబట్టి ఇది నీకే. దాచేది ఏమీ మిగల్లేదు, కాబట్టి తేలిగ్గానే ఉంది ఒక రకంగా.

ఇవాళ్టి వింత ఏమీ లేదు. ఇంటర్నెట్ తెరవలేదు, తెరవబుద్ధి కాలేదు. ఇవాళ్టి ముచ్చట ఒకటుంది. అక్షరాల అట్ట పెద్దాయన మళ్ళీ వచ్చారు. సారు ఈసారి అట్ట మార్చారు. పెద్దాయన ఎప్పటిలా గడగడా మొదలుపెట్టి, రెండో అక్షరం దగ్గర ఆగిపోయారు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. చెవులు ఎర్రబడ్డాయి. షాపులో నలుగురున్నారు, ఎవరూ నవ్వలేదు. నిజంగా ఎవరూ నవ్వలేదు, ఫ్రేముల అమ్మాయిని అడుగు. సారు అద్దం మార్చారు. "ఇప్పుడు చదవండి, తొందరేం లేదు" అన్నారు. ఆయన చాలాసేపు చూసి, చిన్నగా, తప్పుల్తోనే, చివరిదాకా చదివారు.

నిన్న రాత్రి పడుకున్నానే గానీ ఒక సంగతి తెగ వేధించింది. "అందరికీ" తర్వాత ఏముందో నాకు తెలియదు. ఆ వీడియో చూసిన లక్షలమందికీ తెలియదు. మేక గొంతు వేసినవాడికీ తెలియదు. నువ్వు రాసుకుని, బట్టీపట్టి, నా చెప్పులు అరువు తీసుకుని వెళ్ళి చెప్పాలనుకున్నది ఏమిటో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

అందరికీ వద్దు. అందరి సంగతీ చూశాంగా. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన పనికి వెళ్ళారు. పొయ్యి ఆపేశాను. నవ్వనని ఒట్టు పెట్టమంటే పెడతాను, కానీ నా ఒట్టుకి విలువేముంది ఇప్పుడు. చెప్పాలనిపిస్తే చెప్పు. లేకపోతే రేపు. లేకపోతే ఎప్పుడైనా. సాయంత్రం ఈ వేళకి ఇక్కడే కూర్చుంటాను.

కంచం పెట్టి వచ్చాను. కొంచెమే పెట్టాను, భయపడకు.

గోడ అవతల మంచం కిర్రుమంది.

గొంతు సవరించుకుంటోంది. ఎక్కిళ్ళు కావు. గొంతు సవరించుకుంటోంది.

"అందరికీ" అంది.

ఆగిపోయింది. ఇక రాయను. రాస్తే నా నోరు ఊరుకోదు.